నాలుగు వేళ్ళ కొలత

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయాక, మోకాళ్ళ నొప్పులు మొదలైన వయసులో. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట కనిపించినా మీరే సర్దుకుని చదువుకోవాలి. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాకు వారం పైనే పట్టింది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పమంటే టీ చల్లారేలోపు చెప్పేసేదాన్ని.

మా ఆయనది సైకిల్ కొట్టు. ముందు గదిలో ఆయన సైకిళ్ళు బాగుచేసేవారు, వెనక గదిలో నేను సామాను చూసుకునేదాన్ని. వెనక గదికి కిటికీ లేదు. గోడ నిండా మేకులు, మేకులకి చెయిన్లు, బ్రేకు తీగలు, ట్యూబులు. అన్నిటికీ పైవరసలో చిక్కాలు. చిక్కాలన్నది మేము పెట్టుకున్న పేరు, బయట వాటిని టో క్లిప్పులంటారు. పందెం సైకిళ్ళ పెడల్‌కి ముందువైపు బిగించే వంపు తిరిగిన ఇనుప రేకు అది. పాదం ముందు భాగం అందులో దూర్చి, పైనుంచి తోలు పట్టీ బిగించుకుంటే కాలు జారదు. దూడ మూతికి కట్టే చిక్కంలా ఉంటుందని ఆయన ఆ పేరు పెట్టారు. "దూడకి మేత మీద ధ్యాస పోకుండా ఒకటి, కాలికి నేల మీద ధ్యాస పోకుండా ఒకటి" అనేవారు.

అవి మూడు సైజుల్లో వచ్చేవి. ఏ సైజో రేకు మీద ఇంగ్లీషు అక్షరంతో కొట్టి ఉండేది. అప్పటికి నాకు ఏ భాష అక్షరమూ రాదు. ఆయన ఒకటి అడిగితే నేను ఇంకొకటి పట్టుకొచ్చేదాన్ని. ఒకరోజు ఆయనే వెనక గదిలోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరగా చేర్చి, పెడల్‌కి తగిలే చోటునుంచి బొటనవేలు ఆనే చోటుదాకా ఒక్కో చిక్కంలోనూ పెట్టించారు. చిన్నదాంట్లో మూడు వేళ్ళు పట్టాయి. మధ్యదాంట్లో నాలుగు. పెద్దదాంట్లో నాలుగూ పెట్టాక ఇంకా సందు మిగిలింది.

"ఇక అక్షరాలతో పనేముంది? మన కొట్టుకి కొలబద్ద నీ చెయ్యే" అన్నారు.

అప్పటినుంచి ముందు గదిలోంచి ఆయన గొంతు వినిపించేది, నాలుగు వేళ్ళది ఒక జత, మూడు వేళ్ళది ఒక జత అని. నేను చీకట్లోనే తడిమి తెచ్చేదాన్ని. కొట్టుకి వచ్చేవాళ్ళు నాకు నాలుగు వేళ్ళ వదిన అని పేరు పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, పాపం ఐదో వేలు ఏ చెయిన్‌లో పడి పోయిందో అని నా చేతివంక జాలిగా చూసేవాళ్ళు.

ఆయన సొంత సైకిల్ ముదురాకుపచ్చ రంగుది, వంకీ హ్యాండిల్ పందెం సైకిల్. నేను తొక్కడం నేర్చుకుంది దాని మీదే, కొట్టు వెనక ఖాళీ స్థలంలో, ఊరు లేవకముందు. నా పాదం పెడల్ మీద పెట్టించి, వంగి చూసి, "నీదీ నాలుగు వేళ్ళ పాదమే" అన్నారు. ఆయనవి పెద్ద చిక్కాలు. నేను నేర్చుకున్నన్నాళ్ళూ పొద్దున్నే తనవి విప్పి నావి బిగించేవారు, కొట్టు తెరిచేలోపు నావి విప్పి మళ్ళీ తనవి బిగించుకునేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

తొక్కడం తొందరగానే వచ్చింది. ఆగడం రాలేదు. సైకిల్ ఆగిపోయేది, కాలు చిక్కంలోంచి వచ్చేది కాదు, నేను నరికిన చెట్టులా మెల్లగా పక్కకి ఒరిగేదాన్ని.

"పక్కకి లాగితే రాదు. వెనక్కి లాగాలి, చెప్పులోంచి కాలు తీసినట్టు" అనేవారు, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని.

"చెప్పు నన్ను కింద పడెయ్యదు కదండీ" అనేదాన్ని, మట్టిలో పడుకునే.

వయసు మీదపడ్డాక ఆయన తన చిక్కాలు తీసేశారు. కాలు లాగమని బుర్ర కబురు పంపేలోపే సైకిల్ పడిపోతోందన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆయనే పోయారు. కొట్టు ఆయన దగ్గర పని నేర్చుకున్న అతనికి అప్పగించాను. వంకరపోయిన చక్రాన్ని చూపుతోనే సరిచేస్తాడని అతన్ని అందరూ చక్రాల బాబాయి అంటారు, నాకు మరిది వరస. సైకిల్ మాత్రం నాతోపాటు మా అమ్మాయి ఇంటికి వచ్చి, మూడో అంతస్తు బాల్కనీలో సగం ఆక్రమించింది.

"అమ్మా, దీన్ని తుడిచేవాళ్ళున్నారు గానీ తొక్కేవాళ్ళు లేరు" అని మా అమ్మాయి బట్టలు ఆరేసినప్పుడల్లా అనేది.

ఈ ఏడు మా మనవరాలు తొక్కడం మొదలుపెట్టింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. కానీ ఆ పెడల్‌వి ఇనుప అంచులు, చిక్కం లేకపోతే కాలు నిలవదు. రెండోసారే కాలు జారి, పెడల్ గిర్రున తిరిగి మోకాలి కింద చెక్కుకుపోయింది. మా అమ్మాయి ఆ గాయం కడుగుతూ ఒక మాట చెప్పింది. మా కొట్టుకి వచ్చే పాతకాలపు పెద్దాయన ఒకరు ఎప్పటినుంచో ఆ సైకిల్ అడుగుతున్నారట.

"ఆదివారం ఆయన్ని రమ్మన్నాను. ఆలోపు ఇది కాలు జారకుండా వీధి చివరిదాకా వెళ్ళొస్తే సైకిల్ మనింట్లో ఉంటుంది. లేదంటే ఆయనకిచ్చేస్తాను. నాన్న వస్తువని నాకూ ఉంటుందమ్మా. కానీ దీని కాళ్ళు నాకు అంతకంటే ముఖ్యం."

బిడ్డ కాలికి దెబ్బ తగిలితే నేనూ అదే అనేదాన్ని.

మనవరాలిని వెంటబెట్టుకుని చక్రాల మరిది దగ్గరికి వెళ్ళాను. కొట్టులో గోడల రంగు మారింది, నూనె వాసన మారలేదు. వెనక గదికి ఇప్పుడు లైటుంది.

"ఏంటి వదినా, ఈ కాలంలో చిక్కాలా? ఇప్పుడు బూటే పెడల్‌ని కరుచుకునే రకాలొచ్చాయి" అన్నాడు మరిది.

"బూటు కరిస్తే మందు నువ్వేస్తావా? ఆ పాత డబ్బా తియ్యి."

అటక మీదనుంచి తుప్పు రేకు డబ్బా దించాడు. మా మేకుల మీది సామానంతా అందులోనే ఉంది. మనవరాలి పాదం కొలవాల్సిన పనే లేదు. నా చెప్పులు అది, దాని చెప్పులు నేను వేసుకుని తిరుగుతుంటాం. నాలుగు వేళ్ళ చిక్కం కావాలి, అంతే. ఒకటి తీసి వేళ్ళు పెట్టాను. నాలుగోది పట్టలేదు. ఇంకొకటి తీశాను. నాలుగూ బిగుతుగా కూర్చున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

మనవరాలు వెలుతురులో పెట్టి చూసింది. "అమ్మమ్మా, దీని మీద ఎల్ అనుంది, పెద్దది. ఇందాక నువ్వు పక్కన పడేసిందే ఎమ్."

"ఆ అక్షరం కొట్టినవాడు నీ కాలు చూశాడా?"

"వదిన చెయ్యి పడ్డాక ఇక అప్పీలు లేదమ్మా. మా అన్నే ఎదురు చెప్పేవాడు కాదు" అన్నాడు మరిది, పట్టీలకి తోలు వెతుకుతూ.

శనివారం పొద్దున బిగించాం. పాదం నడిమి వంపుదాకా లోపలికి దూరిపోయింది. బూటు దళసరిగా ఉన్నట్టుంది, పలచనిది వేసుకో అన్నాను. పలచనిది వేసుకుంటే ఇంకా ముందుకి పోయింది. పట్టీ ఇంకాస్త బిగించుకో అన్నాను. మూల మలుపు దగ్గర పాదం లోపల్లోపలే జారి, ఈసారి రెండో కాలు చెక్కుకుని వచ్చింది. మా అమ్మాయి దూది, మందు తెచ్చి అక్కడ పెట్టి, బాల్కనీలో సైకిల్ వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

సాయంత్రం నేను, మనవరాలు సైకిల్ పక్కనే కింద కూర్చున్నాం.

"ఎక్కడుందే తప్పు? చూడు, సరిగ్గా నాలుగు వేళ్ళు" అని చిక్కంలో చెయ్యి పెట్టి చూపించాను.

అది నా చెయ్యి తీసి తన చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళు పెట్టినా లోపల లొడలొడలాడాయి. బొటనవేలు కూడా దూర్చింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత అది నా అరచేతికి తన అరచెయ్యి ఆనించింది. దానివి సన్నటి వేళ్ళు. నావి అల్లం కొమ్ములు. కణుపులు ఉబ్బి, ఉంగరం రాక కంసాలి దగ్గర కోయించుకోవాల్సి వచ్చిన వేళ్ళు. ఉంగరం పట్టనప్పుడు వేళ్ళు లావయ్యాయని తెలుసు. కొలత కూడా లావయ్యిందని మాత్రం తట్టలేదు.

కొట్టు తాళం చెవులు మరిది చేతిలో పెట్టినరోజు నేను ఏడవలేదు. సామాను పోతే పోయింది, కొలబద్ద నా దగ్గరే ఉంది కదా అనుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం చెయ్యి ఒళ్ళో దాచుకుని కూర్చుండిపోయాను. ఆయన నా వేళ్ళు దగ్గరగా చేర్చిన ఆ చీకటి గది నాకు తెలియకుండానే చేజారిపోయిందనిపించింది.

"ఎందుకంత దిగులు? అచ్చం మీ అమ్మమ్మ చేతులే, పట్టుకున్న గ్లాసల్లా జారుస్తావని అమ్మ నన్ను రోజూ తిడుతుంది. అవి ఇప్పుడు పనికొస్తాయేమో చూద్దాం పద" అంది మనవరాలు.

ఆదివారం మరిది కొట్టు తెరవడు. పొద్దున్నే సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళి, కొట్టు పైన అతనుండే ఇంటి తలుపు కొట్టి లేపాం. ఆవలిస్తూనే డబ్బా దించాడు. నేను మనవరాలిని కళ్ళు మూసుకోమన్నాను. దాని వేళ్ళు దగ్గరగా చేర్చి, డబ్బాలో పెట్టించి వదిలేశాను. అది తడుముతోంది. ఒకదాంట్లో వేళ్ళు పెట్టి వదిలేసింది, ఇంకొకటి, ఇంకొకటి. మరిది ఆవలింత ఆపి దాని చేతినే చూస్తున్నాడు.

"ఇది" అంది.

కళ్ళు తెరిచి చూసింది. ఎమ్ అని ఉంది. శుక్రవారం నేను విసిరి పక్కన పడేసిన చిక్కమే. మళ్ళీ చెయ్యి పెట్టి దాని జత కూడా తీసింది.

"చూశావా, ఆ అక్షరం కొట్టినవాడికీ కాస్త పని తెలుసు" అన్నాను.

"వదినా, ఇక నీకు రిటైర్మెంట్ ఇచ్చేద్దాం" అని మరిది నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, నిద్ర చాల్లేదన్నాడు. చిక్కాలు అతనే బిగించాడు.

మేం ఇంటికి చేరేసరికి పెద్దాయన వచ్చేశారు. మా అమ్మాయి ఆయనతో గేటు దగ్గర నిలబడి ఉంది. మనవరాలు సైకిలెక్కి, పాదాలు దూర్చి, వంగి పట్టీలు లాగి వెళ్ళిపోయింది. వీధి చివర పాలబూతు దగ్గర తిరిగింది. వెనక్కి వస్తుంటే కాళ్ళు గడియారంలో ముళ్ళలా గుండ్రంగా, మెత్తగా తిరుగుతున్నాయి. ఆయన కాళ్ళు అలాగే తిరిగేవి.

నాకు భయం తొక్కడం గురించి కాదు. గేటు దగ్గర సైకిల్ నెమ్మదించింది. నా పెదాలు వాటంతటవే కదిలాయి. పట్టీ వదులు చేసింది. కాలు వెనక్కి లాగింది, చెప్పులోంచి తీసినట్టు. నేల మీద ఆనించి నిలబడింది.

పెద్దాయన వంగి చిక్కం లోపల మనవరాలి బూటు చివర చూశారు. బూటుకీ రేకుకీ మధ్య గోరంత సందుంది.

"నేను తీసుకెళ్ళినా గోడకి తగిలించుకునేవాణ్ణమ్మా. దీనికి గోడెందుకు" అని మా అమ్మాయితో అన్నారు. టీ తాగి వెళ్ళారు.

"బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో అది కూడా మీరిద్దరే చెప్పండి" అని మా అమ్మాయి మమ్మల్ని దెప్పింది.

మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి మా అమ్మాయి ఒక్కతే బాల్కనీలో సైకిల్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. చిక్కంలో తన వేళ్ళు పెట్టి చూసుకుంటోంది. దానిది వాళ్ళ నాన్న చెయ్యి. మూడే పట్టాయి.

ఇట్లు,
నాలుగు వేళ్ళ వదిన. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు ఉంటున్నది కూతురి ఇంట్లో, మూడో అంతస్తులో, సైకిలున్న బాల్కనీ పక్క గదిలో.