క్రాంకు వెనక్కి తిప్పిన ఉదయం

తొమ్మిదింటికి కోడలు మెకానిక్ షెడ్డు షట్టర్ ఎత్తింది. పెద్దాయన లోపలికొచ్చి, కళ్లజోడు తుడుచుకుని, నిన్న సగంలో వదిలేసిన ఇంజను ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదో తరగతి గట్టెక్కని ఈ మనిషిని వీధంతా డిగ్రీ మామ అంటుంది. పిస్టన్లను ఆడించే క్రాంకుకు డిగ్రీల చక్రం బిగించి, వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్టును అరడిగ్రీ తేడా రాకుండా కూర్చోబెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

కారు పళ్ల డాక్టరుది. వారమంతా జనం నోళ్లు తెరిపించి, ఆదివారం ట్రాకు మీద తన కారు నోరు తెరిపిస్తాడు. ఈసారి ఎక్కడినుంచో రేసు క్యామ్‌షాఫ్టులు రెండు తెప్పించాడు, గాలి లోపలికొచ్చే ఇన్లెట్‌కొకటి, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్‌కొకటి. వాల్వుల్ని మామూలు వాటికంటే పైకెత్తి, ఎక్కువసేపు తెరిచి ఉంచే రకం. సరిగ్గా కూర్చుంటే కారుకు పట్టపగ్గాలుండవు. లెక్క బాగా తప్పితే వాల్వు వెళ్లి పిస్టన్‌ను గుద్దుతుంది, ఇంజను పాతసామాన్ల కొట్టుకు పోతుంది.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. అన్నవాడు ఈ షెడ్డులోకి వచ్చి ఉండడు. ఇక్కడ క్రాంకును వెనక్కి తిప్పితే కాలం కూడా వెనక్కి తిరుగుతుంది. చుట్టుకు అయిదు నిమిషాలు. అదీ చక్రం బిగించిన క్షణం దాకానే, షట్టర్ గీతకు లోపలే. గీత దాటిన మనిషి మీద పనిచేయదు. ఏం జరిగిందో పానా పట్టిన చేతికే గుర్తుంటుంది, మిగతావాళ్లకు ఉండదు. వీధిలో ఎవరికీ ఇదో వింత కాదు. చల్లారిన టీ మళ్లీ పొగలు కక్కితే డాక్టరు "ఎన్ని చుట్లండీ?" అని అడిగి తాగేస్తాడు. ఆయన ఆలస్యమైతే క్లినిక్కులో నర్సు ఫోను చేసి అదే అడుగుతుంది.

ఆ ఉదయం పెద్దాయన మనసు మనసులో లేదు. ఊరవతల పెద్ద వర్క్‌షాపువాళ్లు కోడల్ని ఉద్యోగానికి రమ్మన్నారు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. కొడుకు ఆఫీసు ఉద్యోగం చూసుకున్నాక, ఎనిమిదేళ్లుగా ఆయన పక్కన నిలబడింది ఈ పిల్లే. చూపు మందగించిన ఆయనకు వాల్వు ఎంత కదిలిందో చూపే డయల్ గేజ్ చదివిపెట్టేదీ ఆమే. వెళ్లొద్దమ్మా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. అడగలేని మాటంతా ముక్కు మీద కోపమై కూర్చుంది.

డాక్టరు టీ గ్లాసుతో పక్కన కూర్చుని చూస్తున్నాడు. పెద్దాయన చక్రం బిగించి, పొడుగు పానాతో క్రాంకు తిప్పుతుంటే ఆమె గేజ్ ముల్లు చూసి అంకెలు రాసుకుంది. ఇన్లెట్ వాల్వు నిండా తెరుచుకునేది నూట పన్నెండు డిగ్రీల దగ్గర. క్యామ్‌తో వచ్చిన కార్డు మీద నూట ఎనిమిది అని ఉంది. అంటే నాలుగు డిగ్రీలు ముందుకు జరపాలి. ఆమె క్యామ్ చివర ఉన్న పుల్లీ బోల్టులు వదులు చేసి, రెండు గీతలు జరిపి బిగించింది.

"నాలుగంటే రెండు జరుపుతావేంటి?" అన్నాడు పెద్దాయన.

"క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్కటే కదా మామయ్యా. ఈ కొత్త పుల్లీ మీద గీతలు క్యామ్ లెక్కలో ఉన్నాయి. రెండు జరిపితే క్రాంకు మీద నాలుగైనట్టే."

ఆయన ఇన్నాళ్లూ వాడిన పుల్లీల మీద గీతలు క్రాంకు లెక్కలో ఉండేవి. పెట్టెలో వచ్చిన కాగితం ఆయన చదవనేలేదు. డాక్టరు ముందు తల కొట్టేసినట్టయింది.

"బయటినుంచి వచ్చినదానివి, నాకే నేర్పుతున్నావా? పోవాలనుంటే పో. ఈ షెడ్డేం నీది కాదు."

డాక్టరు తన టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె పెన్సిలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, షట్టర్ వైపు నడిచింది. ఆ గీత దాటితే ఇక ఎన్ని చుట్లు తిప్పినా లాభం లేదు. పెద్దాయన పానా అందుకుని అరచుట్టు వెనక్కి లాగాడు.

కోడలు మళ్లీ ఇంజను పక్కన ఉంది, చివరి బోల్టు బిగిస్తోంది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"రెండు జరిపావా? సరేలేమ్మా. పెద్ద పెద్ద వర్క్‌షాపులకు పోయేవాళ్లు, మీకు తెలియనిదేముంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాననుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. పెన్సిలు మళ్లీ పక్కకు పోయింది.

క్రాంకు తిప్పేటప్పుడు చక్రం మీది మార్కు దాటిపోతే వెనక్కి లాగి సరిగ్గా మార్కు దగ్గర ఆపకూడదు. క్రాంకును క్యామ్‌తో కలిపే బెల్టులో వదులు మిగిలిపోయి అంకె తప్పొస్తుంది. బాగా వెనక్కి పోయి, నెమ్మదిగా ముందుకొచ్చి మార్కును కలుసుకోవాలి. ఈ పాఠం కోడలికి ఆయనే వందసార్లు చెప్పి ఉంటాడు. తను మాత్రం మాట వరకే వెనక్కి పోయి ఆగాడు, కోపం ఉన్నచోటే ఉంది. సిగ్గేసింది ఆయనకు. రెండు చేతులతో పానా పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. కాగితం మీది అంకెలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. డాక్టరు గ్లాసు గుక్కగుక్కగా నిండింది. తొమ్మిది చుట్లయ్యాక, చక్రం అప్పుడే బిగించిన క్షణం దగ్గర, పానా ఇక కదలలేదు.

"డాక్టరుగారూ, ఏమీ అనుకోకుండా వీధి చివరినుంచి బిస్కెట్లు పట్టుకొస్తారా?" అని ఆయన్ని బయటికి పంపాడు.

తర్వాత పానా తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఈ ఎనిమిదేళ్లలో అది ఆయన చేతినుంచి ఇంకో చేతికి పోలేదు.

"ఇవాళ నువ్వు తిప్పు, నేను రాస్తా. తిప్పేముందు ఒక మాట విను. ఈ పొద్దున నిన్ను రెండుసార్లు బాధపెట్టాను. నీకు గుర్తులేదు, నాకుంది. బయటిదానివన్నాను. షెడ్డు నీది కాదన్నాను. నువ్వు వెళ్లిపోతావని భయమమ్మా. అది చెప్పుకోవడం చేతగాక నోరు పారేసుకున్నాను. వెళ్లాలనుంటే వెళ్లు, నేను అడ్డురాను. ఆ మాట పట్టుకుని మాత్రం వెళ్లకు."

ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఇది మూడోసారి మామయ్యా."

"ఏది?"

"ఈ మాట మీరు నాకు చెప్పడం."

ఆయన ఉలిక్కిపడి చక్రం వైపు చూశాడు. పానా అప్పటికే బోల్టు మీద ఉంది, ఆమె చెయ్యి దాని మీద ఉంది.

"మార్కు దాటి వెనక్కి తిప్పావా?"

"అసలు మార్కు దాకా పోలేదు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు మండిపోయింది. నిజంగా అంటున్నారో, నన్ను ఆపడానికి అంటున్నారో అర్థం కాలేదు. వెనక్కి తిప్పాను. మళ్లీ చెప్పారు. మళ్లీ తిప్పాను. మూడుసార్లూ ఒక్క ముక్క మార్చలేదు మీరు. భయమమ్మా అన్నచోట మూడుసార్లూ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు."

 ఆమె ముందుకు వంగి గేజ్ ముల్లు సున్నాకు తెచ్చింది.

"కాగితం తీసుకోండి మామయ్యా. ఇవాళ ఇన్లెట్ అవుతుంది. ఎగ్జాస్ట్ క్యామ్ రేపు పెడదాం."

"రేపా?"

"రేపే. రెండూ ఒక్కరోజులో చేయొద్దని మీరేగా అంటారు."

ఆమె క్రాంకును ముందుకు తిప్పుతూ మొదటి అంకె చెప్పింది. పెద్దాయనకు వినబడలేదు. అంకె రాయాల్సిన చోట పెద్ద పెద్ద అక్షరాలతో 'రేపు' అని రాసుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.