చేతిలో తిన్న కౌజుపిట్ట

తెల్లారగానే దర్జీ చేసే మొదటి పని పెరట్లో కౌజుపిట్టలకి మేత పెట్టడం. మొత్తం తొమ్మిది. ఒక గిన్నెలో దాణా, ఇంకోదాంట్లో సన్న ఇసుకా ఆల్చిప్పల పొడీ, నీళ్లలో నాలుగు చుక్కల మందు. ఎనిమిది పిట్టలకి చేత్తోనే పెట్టేది. తొమ్మిదోదానికి మాత్రం పొడుగాటి గరిటెతో.

ఎందుకో వీధంతటికీ తెలుసు. ఆ ముసలి పిట్ట ఎవరి అరచేతిలో తింటే వాళ్ల గొంతుతో, వాళ్లు మనసులో దాచుకున్న మాట అంటుంది. ఆఖరిసారి తిన్నది అమ్మ చేతిలో. అమ్మ పోయి ఏడాదైనా అది అమ్మ గొంతుతోనే "పెద్దాడు వచ్చాడా?" అని అడుగుతోంది. ఇంకొకరి చేతిలో తిందా, ఆ గొంతు ఇక ఉండదు.

పెద్దాడంటే దర్జీకి అన్న, బస్సు డ్రైవరు. చెల్లెలితో మాటల్లేవు. అమ్మ ఆఖరి రోజుల్లో తనకి కబురు చెయ్యలేదని కోపం. ఫోను పాడైందని ఆవిడ చెప్పింది, అతను నమ్మలేదు. అయినా ప్రతి ఆదివారం వచ్చి పెరటి గోడవతల నిలబడతాడు. పిట్ట అడుగుతుంది. "వచ్చానమ్మా" అని గోడకి చెప్పి వెళ్లిపోతాడు. ఇవతల చెల్లెలు ఊపిరి బిగబట్టి వింటుంది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ వారమంతా ఎదురుచూసేది.

ఎండుపురుగులు పెడితే పిట్ట ఇంకా గట్టిగా పలుకుతుందని ఆవిడ కనిపెట్టింది. చిటికెడు పెట్టాల్సింది గరిటెడు పెట్టసాగింది. చిరుతిండి మరిగిన పిల్లలు అన్నం ముడతారా? పిట్ట ఆల్చిప్పల పొడి వంక చూడ్డమే మానేసింది. ముందు పెంకు లేని గుడ్లు పెట్టింది, తర్వాత కాళ్లు పట్టు తప్పాయి. శనివారం పొద్దున ఓ మూల ఒరిగిపోయింది.

దాణా కొట్టు నడిపే పిన్ని వచ్చి చూసి చివాట్లు పెట్టింది. "ముద్దు చేసి చంపుతున్నావే తల్లీ! పురుగులు ఆపెయ్. పొడి తడిపి చేత్తో తినిపించు."

"గరిటెతో పెడితే?"

"గరిటె వంక తలైనా ఎత్తుతోందా? వెచ్చటి అరచేతిలో అయితేనే తింటుంది."

"అమ్మ గొంతు పోతుంది పిన్నీ. అన్నయ్య ఇంక రాడు."

"పిట్ట పోతే మాత్రం వస్తాడా?"

దర్జీ ఏడుస్తూనే తినిపించింది. అమ్మ గొంతు పోతుందన్న దిగుల్లో, తన గొంతుతో అది ఏమంటుందో ఆలోచించనేలేదు.

ఆదివారానికి పిట్ట లేచి నిలబడింది. గోడవతల చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. చటుక్కున పిట్ట ముక్కు మూయబోయింది. అది గూట్లో వెనక్కి తప్పుకుంది.

"ఫోను బాగానే ఉందన్నయ్యా," అంది పిట్ట, అచ్చం ఆవిడ గొంతుతో. "నువ్వొస్తే అమ్మని మీ ఇంటికి తీసుకెళ్లిపోతావని భయపడ్డాను."

 గోడవతల అడుగులు దూరమయ్యాయి.

కాసేపటికి వీధి గేటు తెరుచుకుంది. అన్న పెరట్లోకి వచ్చి, చెల్లెలి వంక చూడకుండా గూటి ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పొడి ఎంత పెట్టాలి?"

"చిటికెడు," అంది. "ఆలోచించుకో అన్నయ్యా. నీ కడుపులో మాట కూడా బయటికొచ్చేస్తుంది."

"రానీ," అని అతను అరచెయ్యి చాపాడు. "నోటితో అనడం నాకూ చేతకాలేదు."