కార్డ్ వచ్చేదాకా

అమెరికాలోని ఇర్వింగ్‌లో పెద్దవాళ్ళను పగటిపూట చూసుకునే ఒక సెంటర్‌లో రూతు పని చేసేది. సొంత ఊళ్ళో తమ ప్రార్థన మందిరాన్ని కొందరు తగలబెట్టాక, భర్త లెవితో అమెరికా వచ్చి ఆశ్రయం కోరింది. కేసు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. తీర్పు వచ్చేదాకా బతకడానికి చేతిలో ఉన్నది వర్క్ పర్మిట్ ఒక్కటే.

ఆ సెంటర్‌కు జగన్మోహన్ అనే రిటైర్డ్ టీచర్ వచ్చేవాడు. పక్షవాతం వచ్చాక ఆయనకు ఇంగ్లీషంతా పోయి తెలుగు మిగిలింది. రూతు తినిపిస్తే తప్ప అన్నం ముట్టేవాడు కాదు.

పర్మిట్ గడువు ముగిసిన రోజు మేనేజర్ విద్య ఆమెను ఆఫీస్‌లోకి పిలిచింది. రెన్యువల్‌కి ఎప్పుడో అప్లై చేశానని రూతు చెప్పింది. ఇదివరకైతే ఆ అప్లికేషన్ రసీదు చూపిస్తే పని చేసుకోనిచ్చేవారు. ఇప్పుడు ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన విద్య తల ఎత్తకుండా, "సారీ ఆంటీ, కొత్త పర్మిట్ కార్డ్ వచ్చేదాకా రావద్దు" అంది.

వారం తిరక్కుండా విద్యే ఫోన్ చేసింది. మాస్టారు ఏమీ తినడం లేదట. ఒకసారి విజిటర్‌లా వచ్చి చూడమని అడిగింది.

రూతు వెళ్ళేసరికి ఆయన బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయి స్పూన్ పట్టుకుని నిలబడి ఉంది.

"నా మీద కోపమొచ్చిందా అమ్మా? రావడం మానేశావు" అన్నాడాయన.

"కోపం కాదు మాస్టారూ. గవర్నమెంట్ పని చెయ్యొద్దంది."

"నాకు అన్నం పెడితే గవర్నమెంట్‌కేం?"

రూతు అలవాటుగా స్పూన్ అందుకుంది. విద్య గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ప్లీజ్ ఆంటీ. మీరు తినిపిస్తే అది వర్క్ అవుతుంది. ఎవరైనా రిపోర్ట్ చేస్తే మీ కేస్‌కి ప్రాబ్లమ్."

రూతు స్పూన్ తిరిగి ఇచ్చేసి ఆయన పక్కన కూర్చుంది. ఏవో కబుర్లు చెప్పింది. ఆ అమ్మాయి పెడుతుంటే ఆయన రూతు ముఖమే చూస్తూ కాస్త తిన్నాడు.

ఇంటికి తీసుకెళ్తూ కార్‌లో లెవి ఏమైందని అడిగాడు.

"ఆకలితో ఉన్న మనిషి ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నానండీ" అంది రూతు.

కార్డ్ ఎండాకాలానికి గానీ రాలేదు. అప్పటికే మాస్టారిని కొడుకు న్యూజెర్సీ తీసుకుపోయాడు. ఈసారి కార్డ్‌కి గడువు మరీ తక్కువ ఇచ్చారు. రూతు మళ్ళీ పనిలో చేరి, ఆయన కుర్చీలోకి వచ్చిన పెద్దావిడకు పప్పన్నం పెడుతుంటే, కార్డ్ గడువు ముగిసే తేదీ గుర్తొచ్చి చెయ్యి వణికింది.

"చలేస్తోందా అమ్మా?" అని అడిగింది ఆవిడ.