ఎడమ రెక్క మీద అతుకు

నేను ఒక విమానాన్ని. కంగారు పడకండి, మీ నెత్తిమీద పడేంత దాన్ని కాదు. ముక్కు నుంచి తోక దాకా జానెడు పొడవు, అసలు విమానంలో సరిగ్గా నలభై ఎనిమిదో వంతు. కొత్త పైలట్లకు ఎగరడం నేర్పడానికి వాడిన, ముందు పంకా తిరిగే ఒక పాతకాలపు శిక్షణ విమానానికి నమూనాని. దాని పేరు చెప్పమంటే చెప్పను. చెబితే నన్ను తయారుచేసిన కంపెనీ ఏదో మీరు కనిపెట్టేస్తారు. ఇక ముందు నేను చెప్పబోయే మాటలకు వాళ్లు నొచ్చుకుంటారు. ఎంతైనా కన్నవాళ్లు.

పుట్టడం మాత్రం విమానంగా పుట్టలేదు. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి నొక్కితే, బూడిదరంగు చట్రాలకు వేలాడే అరవై రెండు ముక్కలుగా పుట్టాను. ఆ ముక్కలన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, మూత మీద మబ్బుల్లో దూసుకుపోతున్న నా బొమ్మ వేసి, కింద 'అసలుకు అచ్చుగుద్దినట్టు ఉంటుంది' అని ఇంగ్లీషులో ఘనంగా అచ్చువేశారు. నేనది నమ్మాను. మన గురించి ఎవరైనా అంత గొప్పగా రాస్తే కాదనడానికి మనసెలా వస్తుంది?

నన్ను మొదట కొన్నది దక్షిణామూర్తి గారనే బ్యాంకు ఆఫీసరు. ఇంటికి తీసుకెళ్లి, మూత తీసి, ముక్కలన్నీ ముట్టుకుని, "దీన్ని తీరిగ్గా కూర్చుని చేయాలి" అన్నారు. అని బీరువా పై అరలో పెట్టారు. అక్కడ నాకంటే ముందు వచ్చిన విమానాలు పదకొండు ఉన్నాయి. అన్నీ తీరిక కోసం ఎదురుచూస్తున్నవే. ఆయన ఏడాదికోసారి మమ్మల్ని దించి, దుమ్ము దులిపి, ముక్కలు లెక్కచూసి, మళ్లీ పైన పెట్టేవారు. అలా పదిహేడేళ్లు గడిచాయి. రిటైరైతే చేస్తారని మాలో మేము చెప్పుకునేవాళ్లం. రిటైరయ్యాక ఆయనకు వీణ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. వీణకు చోటు కావాలి కదా, మమ్మల్ని ఖాళీ చేయించారు.

ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట, కెమిస్ట్రీ గైడుకీ వంటల పుస్తకానికీ మధ్య ఎండలో పడి ఉన్నాను. అక్కడ నన్ను చూసి ఆగిపోయింది హైమావతి. నలభై రెండేళ్ల మనిషి. సికింద్రాబాద్‌లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్లు తయారుచేయడం ఆమె పని. చేతులు ఊరుకోని రకం. పళ్లు చెక్కీ చెక్కీ విసుగొస్తే, మధ్యాహ్నం భోజనాల వేళ ఇలాంటి విమానాలు అతికించుకుంటూ ఉంటుంది. ఆమె నన్ను బీరువాలో పెట్టలేదు. మర్నాడే చట్రాల నుంచి కోసి, గరుకు కాగితంతో రుద్ది, నెల తిరిగేసరికి నన్ను విమానాన్ని చేసింది. పదిహేడేళ్ల తర్వాత నా రెక్కలు నా ఒంటికి అతుక్కున్న రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. రంగు ఇంకా వేయలేదు గానీ, పళ్ల సెట్ల పక్కన అరమీద నిలబడి ఏ లోటూ లేదనుకుంటూ ఉన్నాను.

సరిగ్గా అప్పుడే నర్సయ్య వచ్చాడు.

డెబ్బై ఆరేళ్ల నర్సయ్య వైమానిక దళంలో కార్పొరల్‌గా పనిచేసి రిటైరైనవాడు. విమానాల ఒంటికి రేకులు వేసి రివెట్లు కొట్టడం ఆయన పని. నోట్లో ఒక్క పన్నూ లేక కట్టుడు పళ్ల కోసం వచ్చాడు. డాక్టరు ఆయన నోటినిండా చిగుళ్ల అచ్చు తీసే ముద్ద కుక్కి, కదలొద్దని చెప్పి పక్కకు వెళ్లాడు. కుర్చీకి ఎదురుగా వెనక గది తలుపు తెరిచే ఉంది. అరమీద నేను కనబడ్డాను. అంతే, ఆయన కళ్లు పెద్దవి చేసి "ఊఁ! ఊఁ!" అని మూలగడం మొదలుపెట్టాడు. ముద్ద గొంతులోకి జారిందేమోనని డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నర్సయ్య ఆయన్ను పక్కకు నెట్టి, ఒక చేత్తో నన్ను చూపిస్తూ, రెండో చేత్తో తన ముక్కు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముద్ద తీశాక ఆయన మొదటి మాట ఇది:

"దాని ముక్కు గింత లావు లేకుండె!"

హైమావతికి ఎక్కడో మండింది. "పెట్టెలో ఎట్లుంటే అట్లనే చేసిన అంకుల్."

"పెట్టె చేసినోడు ఇమానాన్ని చూసిండా? నేను తొమ్మిదేండ్లు దాని కిందనే పండుకున్న. అద్దం గుడ గట్ల గూనిగా ఉండది. చక్రాలు చూడు, లారీ చక్రాల్లెక్క ఉన్నయ్."

నా పరువు గంగలో కలిసింది. పక్కనున్న పళ్ల సెట్లన్నీ నన్ను చూసి ఇకిలిస్తున్నట్టే అనిపించింది. కానీ హైమావతి గొప్పతనం అక్కడే ఉంది. కోపం వచ్చినా, ఎదుటివాడు నిజం చెబుతున్నాడని తెలిస్తే వినే మనిషి. "రేపు పగలు రా అంకుల్, ఒక్కొక్కటి చెప్పు" అంది. నర్సయ్య మర్నాడు వస్తూ ఒక పాత ఫోటో తెచ్చాడు. అందులో పడుచు నర్సయ్య విమానం ముక్కు పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. "నన్ను చూడకు, దాన్ని చూడు" అన్నాడు. ఫోటో వెనక్కి తిప్పి, అక్కడ రాసిపెట్టుకున్న విమానం నంబరు కూడా చూపించాడు. మామూలు నమూనా కాదట, ఆ నంబరున్న ఆ ఒక్క విమానమే కావాలట. దాన్ని ఎక్కువగా నడిపిన వింగ్ కమాండర్ రంగనాయకులు గారికి ఇవ్వాలట.

"సారు చేతిల పెట్టంగనే ఇది మనదే అని గుర్తువట్టాలె. వట్టకుంటే లాభం లేదు బిడ్డా."

ఇక నాకు మొదలైంది చూడండి తిప్పలు. ఫోటోలో నర్సయ్య ఎత్తు తెలిస్తే పక్కనున్న ముక్కు కొలత తేల్చొచ్చని హైమావతి లెక్క వేసింది. "అయిదడుగుల ఆరంగుళాలు" అన్నాడు నర్సయ్య. ఆమె నమ్మకుండా గోడకు నిలబెట్టి టేపు పెట్టింది. అయిదడుగుల నాలుగు. మగవాళ్లు ఎత్తు విషయంలో అబద్ధాలాడతారని నవ్వి, టేపు చెప్పిన లెక్కతోనే నా ముక్కు అరగదీసింది. అరగదీసి చూస్తే నేను విమానంలా కాక ఆకలితో ఉన్న ఎలుకలా ఉన్నాను. నర్సయ్య ఇంటికి వెళ్లి, తన సర్వీసు పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. అందులో అయిదడుగుల ఆరంగుళాలనే ఉంది. వయసు మీదపడి మనిషి రెండంగుళాలు కుంగిపోయాడని అప్పుడు తట్టింది ఆమెకు. నాలుక కరుచుకుని, పళ్లు చేసే ఆక్రిలిక్‌తో నాకు కొత్త ముక్కు పోసింది. పళ్లకు పారదర్శకంగా తొడుగు చేసే యంత్రంలోనే పలకను వేడిచేసి లాగి, పైలట్ల మీద ఉండే అద్దం కప్పు కొత్తది చేసింది. చక్రాలు సన్నబడ్డాయి.

రంగు దగ్గర మూడు వారాలు పట్టింది. పసుపు రంగే, కానీ ఎండకు వెలిసిన పసుపు. "గంత పచ్చగ కాదు", "గంత తెల్లగ కాదు" అంటూ నర్సయ్య తిప్పికొడుతుంటే, ఆమె చివరికి పళ్ల ఛాయలు చూసే పట్టీ తెచ్చి ముందు పరిచింది. అందులో బాగా పొగతాగే మనిషి పన్ను రంగొకటి ఆయనకు నచ్చింది. నాకు ఆ రంగే వేశారు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది నేను పట్టించుకోదలుచుకోలేదు.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. ప్రతి మార్పు తర్వాతా నర్సయ్య నన్ను చేతిలోకి తీసుకుని, చూడ్డం మానేసి కళ్లు మూసుకునేవాడు. మూసుకుని బొటనవేలితో ముక్కు నుంచి తోక దాకా తడిమేవాడు. చక్కిలిగింతలు పుట్టేవి.

అన్నీ అయ్యాయనుకున్నాక ఆయన అసలు సంగతి చెప్పాడు. ఒకనాడు దిగే సమయంలో గద్ద ఒకటి వచ్చి ఎడమ రెక్క ముందంచుకు కొట్టుకుని రేకు సొట్టపోయింది. నర్సయ్య ఆ చోట జానెడు రేకు వేసి రివెట్లు కొట్టాడు. అప్పటి నుంచి రంగనాయకులు గారు ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేసేటప్పుడు, ఆ అతుకు మీద బొటనవేలు రుద్దందే, ఎగరడానికి సరే అని పుస్తకంలో సంతకం పెట్టేవారు కాదట.

హైమావతి ఫాయిల్ నుంచి బియ్యపు గింజంత ముక్క కత్తిరించి నా ఎడమ రెక్కకు అతికించింది. సూదిమొనతో రివెట్లు కూడా పొడిచింది. అంత చక్కటి పని నేనెప్పుడూ చూడలేదు. నర్సయ్య కళ్లు మూసుకుని తడిమాడు.

"లేదు."

"అదిగో అంకుల్, చూడు!"

"చూస్తే ఉన్నది. పట్టుకుంటే లేదు. మందంగ పెట్టు."

"అసలు రేకే ఒక్క మిల్లీమీటరు. దాంట్ల నలభై ఎనిమిదో వంతు అంటే వెంట్రుక కన్నా సన్నం. చేతికి తగిలేటట్టు పెడితే కొలత తప్పుతది. ఇన్ని రోజులు కొలత కొలత అని నా పానం తీసింది నువ్వు కాదా? ఇప్పుడు నువ్వే తప్పు చేయమంటవా?"

నర్సయ్య నన్ను బల్లమీద పెట్టాడు.

"సారుకు చూపు పోయింది బిడ్డా. రెండేండ్లయింది. ఎవ్వలితోని మాట్లాడ్తలేడు. నేను ఫోన్ జేస్తే గుడ ఊఁ అని పెట్టేస్తడు. ఇది చేతిల పెడితే ఏమన్న మాట్లాడ్తడేమోనని."

"ఈ ముచ్చట ముందే ఎందుకు చెప్పలేదు?"

"చూడలేనోడికే కదా అని నువ్వు మనసు తక్కువ పెడ్తవేమో అనుకున్న."

"మరి మూడు వారాలు ఆ రంగు ఎవరికి?"

"నాకు" అన్నాడు నర్సయ్య, తల వంచుకుని.

హైమావతి కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే ఊపులో పకపకా నవ్వింది. తర్వాత ఫాయిల్ పీకేసి, ఆక్రిలిక్‌తో కొలతకు పదిరెట్ల మందాన అతుకు పోసింది. పళ్లు చెక్కే యంత్రపు సన్న మొనతో పద్నాలుగు రివెట్లు పొడిచి, పైన అదే పసుపు వేసింది. నా ఒంటి మీద తెలిసి చేసిన తప్పు అదొక్కటే. ఈసారి నర్సయ్య బొటనవేలు అక్కడికి రాగానే ఆగింది.

ఆదివారం ఉదయం ఇద్దరూ నన్ను నా పాత పెట్టెలోనే దూది మధ్య పడుకోబెట్టి, ఆటోలో సైనిక్‌పురి తీసుకెళ్లారు. నర్సయ్య కొత్త పళ్లతో, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. రంగనాయకులు గారి భార్య తలుపు తీసి, "ఏమీ అనుకోకండి, ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు" అని ముందే చెప్పారు. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. "నర్సయ్యను సార్" అంటే తల ఊపారు, అంతే. నర్సయ్య పెట్టె తెరిచి దూది తొలగించాడు. నన్ను ఆయన అరచేతిలో పెట్టి వెనక్కి జరిగాడు.

ముందు ఆ చేయి ఊరికే పట్టుకుంది, గాజుగ్లాసు పట్టుకున్నట్టు. తర్వాత వేళ్లు కదిలాయి. పంకా దగ్గర మొదలై, ముక్కు మీదుగా ఎడమ రెక్క మొదట్లోకి వచ్చాయి. అవి తడుముతున్నట్టు లేవు, విమానం చుట్టూ నడుస్తున్నట్టున్నాయి. ముందంచు వెంట బొటనవేలు జరిగి, బియ్యపు గింజంత అతుకు మీద ఆగింది. ఇటు రుద్దింది. అటు రుద్దింది.

"గద్ద" అన్నారాయన.

ఆయన భార్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. వేళ్లు మాత్రం ఆగలేదు. రెక్క చివరకు, తోకకు, అక్కడి నుంచి కుడి రెక్కకు వచ్చాయి. అక్కడ వెతికాయి, మళ్లీ వెతికాయి.

"నర్సయ్యా!"

"సార్!" నర్సయ్య కొత్త పళ్లలోంచి ఈల వేసినట్టు వచ్చింది ఆ మాట. తెలియకుండానే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"గాలి వేగం కొలిచే గొట్టం ఏదయ్యా? ఇలాంటి దాన్ని పట్టుకొచ్చి ఎగరమంటావా? నేను సంతకం పెట్టను!"

నిజమే. ఆటో ఏదో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరినప్పుడు కుడి రెక్క కింద ఉండే సూదంత గొట్టం విరిగి దూదిలో ఎక్కడో పోయింది. చూపున్న ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు. "అయిదు నిమిషాలు సార్!" అన్నాడు నర్సయ్య. హైమావతి సంచిలోంచి పళ్లకు క్లిప్పులు వేసే తీగ తీసి, కత్తిరించి అంటించింది. ఆ అయిదు నిమిషాలూ రంగనాయకులు గారు ఆగకుండా మాట్లాడారు. ఆ గద్ద గురించి, ఆ రోజు గాలి గురించి, తన పక్కన కూర్చుని దేవుళ్లందరికీ మొక్కిన కుర్ర పైలట్ గురించి. ఆయన భార్య కాఫీ పెట్టడం మరిచిపోయి వింటూ కూర్చున్నారు.

గొట్టం తడిమి చూసి, ఆయన పెన్ను అడిగారు. సంతకం పెట్టే పుస్తకం లేదు కదా, నా పెట్టె మూత ఇచ్చారు. వంకరటింకరగా ఉన్న ఆ సంతకం 'అచ్చుగుద్దినట్టు' అన్న మాట మీదుగా పోయి మబ్బుల్లో తేలింది.

ఇప్పుడు నా మకాం ఆ కిటికీ దగ్గరే. రోజూ ఉదయం కాఫీకి ముందు ఆయన వేళ్లు నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాయి. ఆదివారాలు నర్సయ్య వస్తాడు, అబద్ధాలూ నిజాలూ కలిపి ఇద్దరూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి ఎడమ రెక్క అతుకు మీద పసుపు అరిగిపోయి, కింది ఆక్రిలిక్ బయటపడింది. మొన్న హైమావతి చూడటానికి వచ్చి, దాన్ని చూసి గుండెలు బాదుకున్నంత పనిచేసింది. మూడు వారాల రంగు మరి. అప్పటికప్పుడు సంచిలోంచి సీసా, కుంచె తీసింది.

నర్సయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు బిడ్డా. అసలు దాని మీద గుడ సరిగ్గ గక్కడ్నే రంగు వోయేది. సారు వేలు రుద్ది రుద్ది."

హైమావతి వంగి నా రెక్కను చాలాసేపు చూసింది. సీసాకు మూత బిగించి, కుంచె సంచిలో పెట్టేసుకుంది.