ఆగుతూ ఆగుతూ అమలాపురం

అంజిబాబు బండి మళ్లీ ఆగిపోయింది. ఇది మూడోసారి. ముందు బలం తగ్గింది, ఎంత రేజ్ చేసినా అందుకోలేదు, చివరికి కాలవగట్టు మీద చతికిలబడింది. ట్యాంకు మీద కూర్చున్న నాలుగేళ్ల తులసి "అమ్మ కాడికెళదాం నాన్నా" అంటూ ఏడుపు అందుకుంది.

అమ్మ నాగదుర్గ ఇవాళ పనికోసం కువైట్ పోతోంది. రెండేళ్లదాకా రాదు. పిల్ల లేచి ఏడిస్తే తనకు కాలు కదలదని, తెల్లారకముందే ఆటో ఎక్కి అమలాపురం వెళ్లిపోయింది. అక్కడ కాగితాల పని అయ్యాక ఏజెంటు కారులో హైదరాబాదు, ఆపైన విమానం. పిల్ల లేచి ఇల్లంతా వెతికి, గుక్కపట్టి ఏడిస్తే అంజిబాబుకు మనసు ఆగలేదు. ఒక్కసారి తల్లిని చూపించి తెచ్చేద్దామని, కాసేపు ఆగమని దుర్గకు ఫోను చేసి బండి తీశాడు. తీసిన బండి చేస్తున్న నిర్వాకం ఇదీ.

కొబ్బరికాయల సైకిలు నడిపించుకుంటూ వస్తున్న ఏసుపాదం ఆగి చూశాడు.

"ఇంజను వేడెక్కేసిందండి. కాసేపు వదిలేస్తే అదే అందుకుంటదండి," అని తేల్చేసి తన దారిన పోయాడు.

నిజమే, ఇందాక రెండుసార్లూ అలాగే అందుకుంది. కానీ ఆగే వ్యవధి ఏదీ? అంజిబాబు పిల్లను కిందికి దింపి, కాలవలో తువ్వాలు తడిపి తెచ్చి ఇంజను మీద పిండాడు. బుస్సున ఆవిరి లేచిందే గానీ ఫలితం లేదు. కిక్కు కొట్టీ కొట్టీ కాలు పీకేస్తోంది. వచ్చే ఆటోలన్నీ కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కడూ ఆపడే!

ఫోను మోగింది. దుర్గ.

"ఎక్కడున్నారండీ? కారోడు తిట్టేస్తన్నాడండి. ఇంక ఆగడంటండి."

"వచ్చేస్తన్నానే. దగ్గరికొచ్చేసేను."

పచ్చి అబద్ధం. సగం దారి కూడా రాలేదు. నడిరోడ్డు మీద పిల్లతో సమానంగా ఏడవాలనిపించింది.

పెట్రోలు గానీ అయిపోయిందా అని ట్యాంకు మూత తీశాడు. సుయ్యిమని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడైంది. పెట్రోలు సగానికి పైనే ఉంది. మూత చేత్తో పట్టుకునే కిక్కు కొడితే మొదటి దెబ్బకే అందుకుంది. అప్పుడు మూతకేసి చూశాడు. గాలి ఆడే సన్నని బెజ్జం పసుపుతో పూడి, ఎండి గట్టిపడిపోయింది. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు ఇంజనుకు ఎలా దిగుతుంది?

మొన్న శనివారం వాడపల్లి గుడి దగ్గర బండికి పూజ చేయించినప్పుడు ఆ పసుపు పెట్టింది దుర్గే. అందరూ బొట్టుతో సరిపెడితే, తను లేని రెండేళ్లూ తండ్రీకూతుళ్లకు ఏ ఆపదా రాకూడదని మూతంతా ముద్దగా మెత్తింది. అది ఎండాక బండి ఊరు దాటడం ఇవాళే.

తులసి గౌనుకు తల్లి గుచ్చిన పిన్నీసు తీసి బెజ్జం పొడిచాడు. ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. కానీ అమలాపురం చేరేసరికి ఏజెంటు ఆఫీసు ముందు కారు లేదు.

ఫోను మోగింది.

"రావులపాలెం దాటేసేమండి. ఎందుకింత ఆలస్యం చేసేరు? బండికేమన్నా అయ్యిందాండీ?"

అంజిబాబు తన గోళ్లలో ఇరుక్కున్న పసుపు చూసుకున్నాడు.

"బండికేం, బంగారంలాగుంది. నేనే ఆలస్యంగా బయల్దేరేను."

దుర్గ ఏడుస్తూ తిట్టింది. పిల్ల మొహం చూడనివ్వలేదంది, ఒక్కరోజు పెందలాడే కదల్లేని మొగుడు దొరికాడంది. అంజిబాబు అన్నీ పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి గొంతు తగ్గించింది.

"ఆ మూత మీద పసుపు కడిగెయ్యకండి. నేనొచ్చేదాకా మిమ్మల్ని అదే కాపాడతదండి."

"కడగనే," అని ఫోను తులసి చెవికి ఆనించి, మొహం అటు తిప్పుకున్నాడు.