పచ్చచొక్కాల పదకొండో మ్యాచ్

కాలేజీ పేరు బయట చెప్పనని కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి వాళ్ళని పచ్చచొక్కాలు అనే అంటాను. అమెరికాలో ఒక నది పక్కన చిన్న ఊరు, అందులో చిన్న కాలేజీ. మొత్తం కలిపి పదిహేను వందల మంది చదువుతారు. వాళ్ళలో ఓ నూరుమంది నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని, ఒకరినొకరు గుద్దుకునే ఆ ఫుట్‌బాల్ ఆడతారు. ఆడినందుకు ఫీజులో పైసా తగ్గదు, పెద్ద టీవీల్లో ఎవరూ చూపించరు. అలాంటివాళ్ళ ఆటని ఒమన్‌లో ఉన్న సలాలాలో, దహరీజ్‌లోని మా ఇంట్లో, వంటగది పక్క గదిలో కూర్చుని మూడేళ్ళపాటు చూశాను. వాళ్ళ కన్నతల్లులు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు.

చూడటం నా పని. శనివారం ఆడిన మ్యాచ్ వీడియో మాకు ఆదివారం పొద్దునకల్లా వచ్చేస్తుంది. ఇక్కడ ఆదివారం సెలవు కాదు. మా ఆయన కామేశ్వరరావు రైసూత్‌లో ఫ్యాక్టరీ డ్యూటీకీ, మా అమ్మాయి లాస్య స్కూలుకీ వెళ్ళాక నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. మ్యాచ్‌కి నూట నలభై, నూట యాభై ప్లేలుంటాయి. బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ప్లే, ఆరేడు సెకన్లు. ఎవరెక్కడ నిలబడ్డారు, బంతి ఎవరు మోశారు, ఎవరు పడగొట్టారు, ఎన్ని గజాలు ముందుకెళ్ళారు అన్నీ గడుల్లో నింపాలి. వీడియోకి శబ్దం ఉండదు. మనుషులకి ముఖాలుండవు. హెల్మెట్లూ, వీపుల మీద నంబర్లూ, అంతే.

గడుల వరసలో ఆఖరిది రిమార్క్స్. అందులో ఏమీ రాయక్కర్లేదని సమీయుల్లా మొదటిరోజే చెప్పాడు. సమీయుల్లా మా లీడ్, కడపవాడు. మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో ఒక బట్టల దుకాణం మేడమీద అతని ఆఫీసు. ఒమన్‌లో ఇళ్ళలో కూర్చుని ఈ పని చేసే ఆరుగురు ఆడవాళ్ళం ఏది నింపినా అతను సరిచూసి అమెరికాలో ఆ జట్ల కోచ్‌లకి పంపుతాడు. అక్కర్లేదని ఎవరైనా అంటే చాలు, నాకు చెయ్యాలనిపిస్తుంది. పెళ్ళినాటి నుంచీ మా ఆయన దీని గురించే మొత్తుకుంటున్నాడు.

ఈ ఏడు సెప్టెంబరులో, రెండో మ్యాచ్ నింపుతుండగా, డెబ్బై ఒకటో నంబరు కుర్రాడి మీద నా కన్ను పడింది. వరసలో కుడిచివర, నేలకి చెయ్యి ఆనించి వంగి ఉంటాడు. వెనకున్నవాడు బంతి విసరబోతున్నాడంటే ఇతను కుడికాలు అర బెత్తెడు వెనక్కి పెడతాడు. బంతి పట్టుకుని పరిగెత్తే ప్లే అయితే రెండు కాళ్ళూ సమంగా పెడతాడు. ముప్ఫై ఒక్కసార్లు చూశాను, ముప్ఫై ఒక్కసార్లూ అదే తంతు. ఎదుటివాడు కాస్త కళ్ళు తెరిచి ఆ కాలు చూస్తే జట్టు గుట్టంతా రట్టవుతుంది. ఉండబట్టలేక, వచ్చిన ఇంగ్లీషులో రిమార్క్స్‌లో రాసేశాను.

మరుసటి ఆదివారం వీడియో తెరిచాను. మొదటి ప్లేలో కుడికాలు అర బెత్తెడు వెనక్కి ఉంది. రెండోదానికీ అంతే. విసిరినా, పరిగెత్తినా, ఆట అయ్యేదాకా ఆ కాలు ఒకేచోట ఉంది.

ఎవరో చదివారు. పొయ్యిమీద పప్పు మాడిన వాసన వస్తున్నా నేను లేవలేదు. పద్నాలుగేళ్ళుగా ఈ దేశంలో మా ఆయన వీసా మీద ఉన్నాను. ఇక్కడ ఎవరు అడిగినా ఫలానా ఇంజనీరుగారి భార్యననే చెప్పుకుంటాను. నా మాట పట్టుకుని ఎక్కడో ఒక మనిషి కాలు జరిపాడంటే ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది.

ఆ తర్వాత వారం వారం రాశాను. పద్దెనిమిదో నంబరువాడు అలసిపోతే నడుం మీద చేతులు పెట్టుకుంటున్నాడని ఒకసారి, ఎడమవైపు ఇద్దరూ ఒకే మనిషి మీదికి పోతున్నారని ఇంకోసారి. నేను గడిలో రాస్తే వాళ్ళు మైదానంలో జవాబిచ్చేవారు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఫొటోలు కూడా వెతికాను. టైలు కట్టుకుని పళ్ళికిలించి అందరూ ఒకేలా ఉన్నారు, మన రెసిడెంట్ కార్డుల మీద మనం ఎవరిలానో ఉన్నట్టు. డెబ్బై ఒకటి పేరు పక్కన ఆ పాటి ఫొటో కూడా లేదు. బూడిదరంగు నీడబొమ్మ పెట్టారు.

అక్టోబరు ఆఖరున సమీయుల్లా ఫోన్ చేసి, ఈ సీజన్ తర్వాత మా పని ఉండదన్నాడు. అంతా మిషనే చూసి నింపేస్తుందట. పచ్చచొక్కాలు ఇంకా ఎన్ని మ్యాచ్‌లు ఆడితే నాకు అన్నే ఆదివారాలు మిగిలాయి. మామూలుగా ఆడేవి పది. పదకొండోది కావాలంటే ప్లేఆఫ్‌కి ఎంపిక కావాలి.

ఆ ఎంపిక ఒక వింత. నలభై జట్లకి చోటు. లీగుల్లో మొదట నిలిచినవాళ్ళు తిన్నగా లోపలికి పోతారు. మిగిలిన కొద్ది చోట్లూ ఒక కమిటీ కూర్చుని పంచుతుంది. నువ్వెన్ని గెలిచావన్నది ఒక్కటే చూడరు. నువ్వు ఓడించినవాడు ఎంతటివాడు, వాడు ఎవరిని ఓడించాడు అని, పెళ్ళి సంబంధానికి మేనమామల దాకా ఆరా తీసినట్టు తీస్తారు. పచ్చచొక్కాలు పదిలో ఎనిమిది గెలిచి లీగులో రెండో స్థానంలో నిలిచారు. అంటే అంతా కమిటీ దయ.

జోడీలు కట్టేటప్పుడు మాత్రం దూరం చూస్తారు. మొదటి రౌండుకి వీలైనంతవరకూ బస్సులో పోగలిగిన జట్లనే కలుపుతారు. ఎనిమిది వందల కిలోమీటర్లు దాటితేనే విమానం. ఆ లెక్కన వెయ్యి కిలోమీటర్ల దూరమున్న మస్కట్‌నీ సలాలానీ ఎవరూ ఒకచోట ఆడించరు. పచ్చచొక్కాలకి నలభై కిలోమీటర్లలో ఇంకో కాలేజీ ఉంది, ముదురెరుపు చొక్కాలవాళ్ళు. వాళ్ళు తమ లీగు గెలిచి అప్పటికే లోపలున్నారు. మనవాళ్ళని తీసుకుంటే మొదటి మ్యాచ్ అక్కడే అని ఆ ఊళ్ళ పత్రికలన్నీ రాశాయి. అవన్నీ నేను చదివాను. మనవాళ్ళు అంటున్నానని లాస్య నవ్వింది. కాలితో తన్నని ఫుట్‌బాల్‌కి ఇంత గొడవేమిటంది.

పదో మ్యాచ్ వీడియో నవంబరు మధ్య ఆదివారం వచ్చింది. గెలిచారు. సాయంత్రం దాకా మెల్లగా నింపాను, అన్నం మెతుకులు లెక్కపెట్టుకుని తినే పిల్లలా. ఆఖరి ప్లే దగ్గర రిమార్క్స్ గడిలో ఇలా రాశాను: "మూడేళ్ళుగా ఈ గడులు నింపుతున్నది నేను. నా పేరు సూర్యకుమారి. ఒమన్‌లో సలాలా అనే ఊళ్ళో ఉంటాను. ఇది మీరు చదివితే, వచ్చే మ్యాచ్ మొదటి ప్లేకి మాత్రం డెబ్బై ఒకటిని ఎడమకాలు వెనక్కి పెట్టమనండి. నేను చూస్తాను."

ప్లేఆఫ్‌లో ఒక ప్లేని ఎవడైనా ఇలా పాడుచేసుకుంటాడా? ఆట తెలిసినదాన్నే, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా రాశాను. పావుగంటలో సమీయుల్లా ఫోన్ చేశాడు.

"అక్కా, కడాన ఏందో రాసినారే. మనం ఎవురో వాళ్ళకి తెలియగూడదు గదా. తీసేయాల్నా, పంపీయాల్నా?"

"నీ ఉద్యోగానికి ఇబ్బందైతే తీసేయ్ బాబూ."

అతను నవ్వాడు.

"నా ఉద్యోగం మాత్రం యాడుందిలే అక్కా, ఈ నెల దాటినాక. పంపిస్తాండా."

కమిటీ జాబితా చదివేది అక్కడి ఆదివారం సాయంత్రం. మాకది సోమవారం తెల్లవారుజాము. నేను మేలుకుని కూర్చుంటే చేర్చుకుంటారా ఏమిటి అని పడుకున్నాను. నిద్రపోయానని మాత్రం చెప్పను. ఆరింటికి లేచి, పాలు పొయ్యిమీద పెట్టి ఫోన్ తెరిచాను. నలభై పేర్లు. పైనుంచి కిందికి చదివాను, కిందనుంచి పైకి చదివాను. ముదురెరుపు చొక్కాల పక్కన జోడీగా వేరే ఊరి జట్టు పేరుంది. మనవాళ్ళ పేరు జాబితా కింద చిన్న అక్షరాల్లో, త్రుటిలో తప్పిపోయినవాళ్ళలో మొదటిదిగా ఉంది. సెప్టెంబరులో వాళ్ళు ఓడించిన ఒక జట్టు మొన్న శనివారం ఒక్క పాయింటుతో ఓడిందట. అది గెలిచి ఉంటే లెక్క మారేదట. ఇంకొకడి ఓటమికి వీళ్ళకి శిక్ష. కమిటీలో ఎంతమంది ఉన్నారో అంతమందినీ వరసపెట్టి తిట్టాను.

మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, పాల కింద పొయ్యి కట్టేశాడు. "వాళ్ళేమన్నా మన మేనల్లుళ్ళా సూర్యా, ఇలా అయిపోయావు?" అన్నాడు.

డిగ్రీ రెండో ఏట యూనివర్సిటీ బాల్ బ్యాడ్మింటన్ జట్టుకి నన్ను స్టాండ్‌బై అని నోటీసుబోర్డులో వేశారు. పదిమంది రైలెక్కారు, పదకొండోదాన్ని నేను. ప్లాట్‌ఫారం దాకా వెళ్ళి వాళ్ళ సంచులు అందించి, నడుచుకుంటూ హాస్టలుకి వచ్చాను. అసలు బాగా ఆడనివాళ్ళకి ఆ బాధ ఉండదు. గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళకే ఉంటుంది. ఇది మా ఆయనకి ఎన్నడూ చెప్పలేదు. ఆ పొద్దున చెప్పాను. ఆయన బ్రష్ పట్టుకుని అలాగే విన్నాడు. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, ఇంకో గ్లాసు కాఫీ పెట్టి నా ముందుంచి వెళ్ళాడు.

బుధవారం దాకా ఆగి సమీయుల్లాని అడిగాను. మనం పంపిన ఫైలు అవతలివాళ్ళు తెరిస్తే అతనికి తెలుస్తుంది. చూసి చెప్తానన్నాడు. చూశాక గొంతు తగ్గించాడు.

"తెరవలేదక్కా. సీజన్ అయిపోయినాక దాంతో వాళ్ళకేం పని."

నా పేరు ఆ గడిలో అలాగే ఉంది, ఎవరూ చదవకుండా. ఏదో ఒకరోజు చదువుతారని నాకు నేను చెప్పుకోలేదు. ఆ కోచ్ వచ్చే ఏడు మిషన్ నింపిన గడులు చూసుకుంటాడు, ఈ ఏటివి ఎందుకు తిరగేస్తాడు?

ఆ ఫోన్‌లోనే అతను ఇంకో మాట అడిగాడు. ముదురెరుపు చొక్కాల పని చూసేది అతని భార్య షైస్తా. చెల్లెలి పెళ్ళికి కడప వెళ్ళింది. వాళ్ళ ప్లేఆఫ్ మ్యాచ్ నేను నింపాలట. మనవాళ్ళ చోట వేరేవాళ్ళు ఆడిన మ్యాచ్ నాతో నింపిస్తావా అని కస్సుమన్నాను. ఫోన్ పెట్టేశాక, నింపకపోతే వచ్చే ఆదివారం ఆ కంప్యూటర్‌లో ఏమీ ఉండదని గుర్తొచ్చింది. సరేనని మెసేజ్ పెట్టాను.

ఆదివారం వీడియో వచ్చింది. అక్కడ చలి బాగా ముదిరినట్టుంది, ఆడేవాళ్ళ నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది. మొదటి ముప్ఫై ప్లేలు చేతులు వాటంతటవే నింపేశాయి. ముప్ఫై ఒకటో ప్లే గోల్ వెనక కెమెరాలో తీసింది. తీసినవాడెవడో కాస్త పైకి ఎత్తాడు, ఎదురుగా మెట్ల మీద జనం కనిపించారు. ఆ మూల పచ్చ జాకెట్లు కనిపించాయి.

బొమ్మ ఆపాను. ఇరవైమంది దాకా ఉన్నారు. నలభై కిలోమీటర్లే కదా, తాము ఆడాల్సిన మ్యాచ్ చూడటానికి వచ్చారు. హెల్మెట్లు లేవు. ముఖాలున్నాయి. మొటిమలు, ఉన్నిటోపీలు, చలికి ఎర్రబడ్డ ముక్కులు. మా లాస్య కన్నా నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు, అంతే. పిల్లలు. మూడేళ్ళు చూసీ ఆ సంగతి నాకు తట్టలేదు.

వీడియో కదిలించాను. ఒకడు లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు, వాడు పద్దెనిమిది. మెట్లు దిగుతూ భుజం ఎగరేసినవాడు నలభై నాలుగు. అలా ఆరుగురిని పట్టాను. పేర్లతో సహా పైకే అన్నాను, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి.

డెబ్బై ఒకటి కోసం వెతికాను. అంత భారీ మనుషులు ఇద్దరే ఉన్నారు, పక్కపక్కన కూర్చున్నారు. ఒకడు ఏదో నములుతూ నవ్వుతున్నాడు. ఇంకొకడు గడ్డం కింద పిడికిలి పెట్టుకుని మైదానంలోకి చూస్తున్నాడు. ఇద్దరిలో అతనెవరో నాకు తెలియలేదు. నాకు తెలిసింది వంగిన వీపూ, నేలకి ఆన్చిన చెయ్యీ, ఆ కాళ్ళూ. ముందు వరసలో జనం అడ్డంగా కూర్చున్నారు. కాళ్ళు కనిపించలేదు.

ఆ ఏడు సెకన్లనీ పన్నెండుసార్లు వెనక్కి తిప్పాను. అతను నవ్వుతున్నవాడే అయితే బావుండుననుకున్నాను. తర్వాత కన్నీళ్ళు తుడుచుకుని గడులు నింపాను. పరుగు, ఎడమవైపు, రెండు గజాలు. రిమార్క్స్ దగ్గర ఏమీ రాయకుండా తర్వాతి ప్లేకి వెళ్ళాను.