మనమ్మాయికి చందా ఎందుకు

మా పాడి రైతుల సంఘం అసెంబ్లీ ఎన్నికలొచ్చినప్పుడల్లా ఇద్దరు పెద్ద అభ్యర్థులకీ చందా ఇస్తుంది. ఎవరు గెలిచినా మన మాట చెల్లుతుందని ఆశ. ఇంతకాలం నాకూ అది తెలివైన పనిలాగే కనిపించింది. ఈసారి మూడో అభ్యర్థి మా ఆవిడ.

సరదాకి నిలబడలేదు. పాలు చల్లబరిచే మా కేంద్రాన్ని ప్రభుత్వం మూసేస్తుందట. అదే జరిగితే సాయంత్రం పితికిన పాలు తెల్లారేసరికి విరిగిపోతాయి, చిన్న రైతులు పశువుల్ని అమ్ముకోవాల్సిందే. ఆ పెద్దమనుషులిద్దరూ దీని గురించి నోరు విప్పలేదు. ఈవిడ విప్పింది. ఊరూరా తిరగడానికి బండీ మైకూ కావాలి కాబట్టి సంఘాన్ని చందా అడిగింది.

సమావేశం ఆ కేంద్రంలోనే, పాల ట్యాంకు పక్క గదిలో. మోటారు హోరుకి అందరం గొంతు చించుకోవాల్సిందే. అధ్యక్షుడు మా ఆవిడకి స్వయానా పెదనాన్న.

"నీకెందుకమ్మా చందా? మనమ్మాయివి. గెలిస్తే ఎలాగూ మన పనే చేస్తావు. చెయ్యనివాళ్ళకి కదా ఇవ్వాల్సింది" అన్నాడాయన, బుజ్జగిస్తున్నట్టు.

అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంటే మనకోసం నిలబడటమే తను చేసిన తప్పా మావయ్యగారూ?"

"తప్పని ఎవరన్నారు అల్లుడూ? నువ్వు మరీ వేడెక్కకు" అని, సభ్యుల వైపు తిరిగాడు. "సరే, ఎప్పట్లాగే ఆ ఇద్దరికీ. చేతులెత్తండి."

చందా తీర్మానానికి అందరూ చెయ్యెత్తాలని మా సంఘం ఆనవాయితీ. ఒక్కరు ఎత్తకపోయినా ఆ సంగతి నాయకుల చెవిన పడుతుందని భయం. సభ్యత్వం ఇంటికొకటి, మాది ఆవిడ పేరునే ఉంది. ఆమె పోసిన పాల డబ్బులోంచి ఆమె పోటీదార్లకి చందా. అందరూ ఆమెనే చూస్తున్నారు. నేనైతే లేచి వచ్చేసేవాణ్ణి. ఆమె చెయ్యెత్తింది.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "ఎందుకెత్తావు? ఎత్తకపోతే బుద్ధొచ్చేది వాళ్ళకి."

"ఎత్తకపోతే పరాయిదాన్నయిపోయేదాన్ని. అప్పుడు చందా ఇచ్చేవాళ్ళేమో గానీ ఓటు వెయ్యరు."

"ఇప్పుడు వేస్తారా?"

"పెదనాన్న వేస్తాడు" అంది. నాలుగడుగులు నడిచాక, "వేస్తాడనే అనుకుంటున్నా" అంది.